అర్ధ రూపాయి రద్దు కాలేదు.. మరి బ్యాంకు కౌంటర్‌లో ఎందుకు చెల్లట్లేదు?

రంజాన్‌కు ముందు ఇల్లు సర్దుతుంటే అల్మారా వెనక నుంచి ఒక డబ్బా బయటపడింది. పాత పాలపొడి డబ్బా. మూత మధ్యలో సందు కోసి, దాదాపు ఇరవై ఏళ్ల కింద మా అమ్మీ మాకు గుల్లక్‌గా ఇచ్చింది. కామర్స్ చదివినవాడివి కదా, లెక్క నువ్వే చెయ్యి అని నాకే అప్పజెప్పింది. పాత దుప్పటి పరిచి కుప్ప పోశాం. రూపాయి బిళ్లలు 212, రెండు రూపాయలవి 46, పది రూపాయలవి 18, అర్ధ రూపాయలు 127. అన్నిటికంటే అడుగున పావలాలు, 41.

మర్నాడు అమ్మీ ఖాతా ఉన్న బ్యాంకుకు ఇద్దరం వెళ్లాం. ఆ బ్యాంకు పేరు రాయను, ఎందుకంటే ఇది ఒక్క బ్యాంకు సంగతి కాదు. కౌంటర్‌లో ఉన్నాయన సంచీ చూడగానే మొహం చిట్లించారు. "అమ్మా, పది రూపాయల బిళ్లలు ఇవ్వండి, తీసుకుంటా. రూపాయలు, రెండు రూపాయలు రద్దీ లేనప్పుడు ఇంకో రోజు తీసుకురండి. అర్ధ రూపాయలు మాత్రం ఎప్పుడో బంద్ అయినై" అన్నారు.

అమ్మీ నా వైపు తిరిగింది. "బంద్ అయినయా బేటా? ఎప్పుడు?"

బంద్ కాలేదు. 50 పైసల నాణెం ఈ రోజుకీ చట్టప్రకారం చెల్లుతుంది. 50 పైసలు, రూపాయి, రెండు, ఐదు, పది, ఇరవై రూపాయల నాణేలు చలామణీలో ఉన్నాయని రిజర్వ్ బ్యాంకే చెబుతోంది. పావలా సంగతి వేరు, దానికి తేదీ పెట్టి, గెజిట్‌లో వేసి మరీ సెలవు చెప్పారు. అర్ధ రూపాయికి ఆ మర్యాద కూడా జరగలేదు. దాన్ని ఎవరూ రద్దు చేయలేదు, కానీ ఎవరూ తీసుకోవడం లేదు. ఈ రెండింటి మధ్య ఇరుక్కున్నది మా అమ్మీ లాంటి బ్యాంకు ఖాతాదారులు.

ఈ మాట ఇప్పుడు ఎందుకంటే, అమెరికాలో 2025 నవంబర్ 12న ఫిలడెల్ఫియా టంకశాలలో చలామణీ కోసం చివరి సెంటు నాణేలు కొట్టి, ఇక చాలు అన్నారు. అప్పటి నుంచి మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో "మన దగ్గర కూడా అర్ధ రూపాయి, రూపాయి బంద్" అని మెసేజ్‌లు మొదలయ్యాయి. ఒకరు పంపితే పదిమంది ఫార్వర్డ్. చివరికి ఇంట్లో చిల్లర ఉన్నవాళ్లకు భయం, దుకాణంలో ఉన్నవాళ్లకు సాకు దొరికాయి.

పావలాకు తేదీ ఉంది

ముందు పావలా కథ చూద్దాం. అది సరిగా అర్థమైతే అర్ధ రూపాయి దగ్గర ఏం తేడా వచ్చిందో తెలుస్తుంది.

2010 డిసెంబర్‌లో కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చింది. 25 పైసలు, అంతకంటే తక్కువ నాణేలన్నీ 2011 జూన్ 30 నుంచి చెల్లవని దాని సారాంశం. జూన్ 29 సాయంత్రం పని వేళలు ముగిసేదాకా, చిన్న నాణేల డిపోలు ఉన్న బ్యాంకు శాఖల్లో ఇచ్చి పూర్తి విలువ తీసుకోవచ్చు. ఆ తర్వాత కొనుగోళ్లు, ఖాతా లెక్కలు, ధరలు, పన్నులు అన్నీ 50 పైసలకో, పూర్తి రూపాయికో సర్దాలి అన్నారు.

ఆరు నెలల గడువు వినడానికి బాగానే ఉంది. కానీ చిన్న నాణేల డిపో అనేది ప్రతి శాఖలో ఉండదు. ఊళ్లో ఉన్న ముసలామె తన దగ్గరున్న పది రూపాయల విలువైన పావలాలు మార్చుకోవడానికి పట్నం పోతే, బస్సు ఛార్జీకే అంతకు మించి అవుతుంది. మన హైదరాబాదీ సామెత ఉంది కదా, చారానా కోడికి బారానా మసాలా అని. అక్షరాలా అదే. అందుకే చాలామంది వెళ్లలేదు. మా గుల్లక్‌లోని 41 పావలాలు, అంటే 10 రూపాయల 25 పైసలు, 2011 జూన్ 30న ఉత్త ఇనుప ముక్కలయ్యాయి. అమ్మీకి ఆ సంగతి ఆ రోజు తెలియదు. తెలిసినా వెళ్లేది కాదేమో.

నాణెం పోయింది గానీ మాట పోలేదు. 2004 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహిళా సంఘాలకు వచ్చిన పథకాన్ని ఇప్పటికీ పావలా వడ్డీ అనే అంటారు. నూటికి నెలకు పావలా, అంటే ఏడాదికి 3 శాతం. ఊళ్లలో ఫైనాన్స్ వాళ్లు "రెండు రూపాయల వడ్డీ" అంటే వినడానికి చిన్నగా ఉంటుంది, ఏడాదికి లెక్కేస్తే 24 శాతం. పైసల్లో, రూపాయల్లో చెప్పే లెక్క మనల్ని ఎలా ఏమారుస్తుందో ఇక్కడే తెలుస్తుంది. సరే, అది వేరే వ్యాసం.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే మన పెద్దలకు ఇంతకంటే పెద్ద అనుభవమే ఉంది. నిజాం కాలపు హాలీ సిక్కా ఒక్క రోజులో పోలేదు. 1950లో భారత రూపాయి పక్కన పెట్టి, 7 హాలీ రూపాయలకు 6 భారత రూపాయలు అని మారకం రేటు ఖాయం చేశారు. పూర్తిగా చెల్లకుండా పోయింది 1959లో. మధ్యలో 1957 ఏప్రిల్ 1న అణాల లెక్క పోయి నూరు నయాపైసల లెక్క వచ్చింది. రెండు రకాల రూపాయి, రెండు రకాల చిల్లర. మా దాదా ఉన్నన్నాళ్లూ పావలాను నాలుగు అణాలనే పిలిచేవారు. అయినా ఆ మార్పును జనం తట్టుకున్నారు, ఎందుకంటే ఏది ఎంతకు మారుతుందో, ఎప్పటిదాకా మారుతుందో రాసి పెట్టి ఉంది, సమయం కూడా ఇచ్చారు.

అర్ధ రూపాయిని ఎవరు చంపారు?

2011 తర్వాత చట్టం దృష్టిలో అన్నిటికంటే చిన్న నాణెం 50 పైసలు. అదే ఏడాది వచ్చిన కాయినేజ్ చట్టం ప్రకారం, ఒక చెల్లింపులో 10 రూపాయల దాకా అర్ధ రూపాయలు ఇస్తే అవతలివాళ్లు తీసుకోవాలి. అంటే 20 బిళ్లలు. రూపాయి, ఆపైన నాణేలైతే 1,000 రూపాయల దాకా. దుకాణదారుడు అంతకు మించి కాదంటే తప్పు పట్టలేం. కానీ ఇరవై బిళ్లల లోపు కూడా ఈ రోజు ఎక్కడ తీసుకుంటున్నారు?

వరుస చూస్తే ఇలా ఉంటుంది. ముందు కిరాణా దుకాణం మానేస్తుంది. అర్ధ రూపాయికి బదులు చాక్లెట్ ఇస్తుంది. ఆ చాక్లెట్లే తిరిగి ఇస్తే మాత్రం తీసుకోదు, ప్రయత్నించి చూడండి. తర్వాత ఆటోవాలా. తర్వాత బస్సు కండక్టర్ టికెట్ వెనక బాకీ రాసి, దిగేటప్పుడు అడగమంటాడు. మనం దిగే హడావుడిలో మరచిపోతాం. మసీదు బయట కూర్చున్న ఫకీరు కూడా అర్ధ రూపాయి ఇస్తే ఇప్పుడు తిరిగి మన చేతిలోనే పెడతాడు. అన్నిటికంటే ఆఖరున బ్యాంకు కౌంటర్. అప్పటికి "అందరూ మానేశారు కదా" అన్నదే కారణం అయిపోతుంది. సర్కారు ఎక్కడా సంతకం పెట్టలేదు.

చెలామణీలో ఉన్న చిన్న నాణేల విలువ దాదాపు 700 కోట్ల రూపాయలని రిజర్వ్ బ్యాంక్ వార్షిక నివేదికల్లో ఏళ్ల తరబడి ఒకటే అంకె కనిపిస్తుంది. పెరగదు, తగ్గదు. కొత్తవి రావడం లేదు, పాతవి వెనక్కి పోవడం లేదు. జనాభాతో భాగిస్తే తలకు ఐదు రూపాయలు. ఐదు రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ 700 కోట్లు ఎవరివి? గుల్లక్‌లు, పోపుల డబ్బాలు, చందా పెట్టెలు, కిరాణా గల్లాపెట్టెల అడుగున ఉన్నవి. అవి ఇచ్చి నోటు పుచ్చుకునే చోటు లేకపోతే, ఆ మేరకు జనం డబ్బు ఎవరూ చెప్పకుండానే పోయినట్టు.

ఇక్కడ ఇంకో తమాషా. నా చిన్నప్పుడు చిల్లరకు కరువు. మా అబ్బా చిన్న దుకాణం నడిపేవారు, వంద నోటు ఇచ్చి తొంభై రూపాయల చిల్లర తెచ్చుకునేవారు. మిగతా పది కమీషన్. ఇప్పుడు తిరగబడింది. మహబూబ్‌నగర్‌లో మాకు తెలిసిన ఒక మసీదు కమిటీలో చందా లెక్కలు చూసే పెద్దాయనను అడిగాను. జుమా తర్వాత డబ్బాలు తెరిస్తే నోట్లు ఒక పక్క, బిళ్లలు ఒక పక్క పోస్తారట. "పది రూపాయల బిళ్లలు చాయ్ హోటల్ వాళ్లు తీసుకుంటారు బేటా. రూపాయలకు మా వెనక తిరగాలి, మేం వాళ్ల వెనక తిరగాలి. అర్ధ రూపాయలు ఒక సంచీలో కట్టి అటకెక్కించాం. అమానత్ కదా, పారేయలేం" అన్నారు. ఎంత ఉంటాయంటే లెక్కపెట్టలేదు, కానీ రెండు చేతులతో ఎత్తాల్సిన బరువు అని చూపించారు.

పది రూపాయల నాణెం ఇప్పుడు నడుస్తోంది గానీ, దానికీ ఇదే గతి పట్టబోయింది. తెలుగు రాష్ట్రాల్లో ఏళ్ల పాటు దాన్ని ఎవరూ ముట్టలేదు. రూపాయి గుర్తు ఉన్నది అసలు, లేనిది నకిలీ అని పుకారు. రిజర్వ్ బ్యాంక్ 2016లో ఒకసారి, 2018 జనవరిలో మరోసారి, 2019లో ఇంకోసారి చెప్పాల్సి వచ్చింది, 14 డిజైన్లూ అసలువేనని. 14440 నంబర్‌కు ఫోన్ చేస్తే రికార్డు చేసిన సమాధానం వినిపించే ఏర్పాటు కూడా చేశారు. అంటే పుకారుతో పోయిన నాణేన్ని పట్టుబట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు. అర్ధ రూపాయి కోసం ఎవరికీ ఆ పట్టుదల లేదు.

లెక్క ఎవరి మీద పడుతుంది?

చిన్న నాణెం లేకపోతే మొత్తాన్ని పైకో కిందికో సర్దాలి. కాగితం మీద ఇది న్యాయంగానే ఉంటుంది. 50 పైసల లోపు వదిలేయాలి, 50 పైసలు ఆపైన అయితే పూర్తి రూపాయి చేయాలి. కొన్నిసార్లు నాకు లాభం, కొన్నిసార్లు మీకు. బ్యాంకుల్లో రిజర్వ్ బ్యాంక్ పెట్టిన పద్ధతి ఇదే. డిపాజిట్ మీద ఇచ్చే వడ్డీ, అప్పు మీద వేసే వడ్డీ దగ్గరి రూపాయికి సర్దుతారు. 46 రూపాయల 49 పైసలు వస్తే 46, 46 రూపాయల 50 పైసలు వస్తే 47. మూడు నెలలకు ఒకసారి వడ్డీ వేస్తే ఏడాదికి నాలుగుసార్లు. అన్నిసార్లూ మనకే నష్టం వచ్చిందనుకున్నా రెండు రూపాయలు దాటదు. మన ఇళ్లలో వడ్డీ ముట్టని వాళ్లకు ఈ లెక్క అసలే పట్టదు. జీఎస్‌టీ చట్టంలోనూ పన్ను మొత్తాన్ని దగ్గరి రూపాయికి సర్దమనే ఉంది. కాబట్టి "పైసలు లేకపోవడంతో బ్యాంకులు మనల్ని దోచేస్తున్నాయి" అనే మాటలో పస లేదు.

ఇంకో నియమం చాలామందికి తెలియదు. మీరు 1,250 రూపాయల 75 పైసలకు చెక్కు రాస్తే, పైసలు ఉన్నాయని బ్యాంకు దాన్ని తిప్పి పంపకూడదు. నాణెం లేకపోయినా ఖాతాలో పైసా బతికే ఉంది.

అసలు గొడవ అక్కడే ఉంది. ఖాతాలో పైసా బతికుంది, చేతిలో చచ్చిపోయింది. యూపీఐలో 49 రూపాయల 50 పైసలు కొడితే కచ్చితంగా అంతే పోతుంది. నోటు ఇచ్చినవాడు 50 ఇచ్చి ఊరుకోవాలి. దుకాణంలో సర్దుబాటు బ్యాంకులో లాగా రెండు వైపులా జరగదు. 49 రూపాయల 50 పైసలు ఎప్పుడూ 50 అవుతుంది, 49 కాదు. రోజుకు ఒక్క అర్ధ రూపాయి ఇలా వదిలేస్తే ఏడాదికి 182 రూపాయల 50 పైసలు. రోజుకు రెండు వందల మంది వచ్చే దుకాణంలో అందరి దగ్గరా అలా మిగిలితే రోజుకు వంద, నెలకు మూడు వేలు. అందరు దుకాణదారులూ ఇలా చేస్తారని అనడం లేదు, మా అబ్బా కూడా దుకాణదారుడే. ఉన్న వ్యవస్థ ఎటు వంగి ఉందో చెబుతున్నా.

మరి నోట్లతో, బిళ్లలతో ఎవరు కొంటున్నారు? ఫోన్‌లో యూపీఐ ఉన్న నేను కాదు. మా నానీ, పక్కింటి ఖాలా, వెయ్యి బీడీలకు ఇంత అని కూలి తెచ్చుకునే ఆడవాళ్లు, పాలవాడికి రోజూ చేతిలో పెట్టేవాళ్లు. స్కూలుకు పోయే పిల్లలు. చదువుకున్నవాడు, ఫోన్ ఉన్నవాడు పైసాతో సహా కచ్చితంగా కడతాడు. లేనివాడు సర్దుబాటు భరిస్తాడు. నాణెం మాయమైతే దాని ఖర్చు ఇలా పేదవాడి వైపు జారుతుంది.

రూపాయి బిళ్ల కూడా ఇదే దారిలో ఉందని నాకు అనిపిస్తోంది. చాయ్ ధర 10 నుంచి 11 ఎక్కడైనా అయిందా? 12 అవుతుంది, లేదంటే నేరుగా 15. 2022 మార్చిలో ఆర్టీసీ కూడా తెలంగాణ పల్లెవెలుగు బస్సుల్లో చిల్లర ఇబ్బంది ఉందంటూ ఛార్జీలను సర్దింది. చిన్న నాణెం వాడుక తగ్గేకొద్దీ ధర ఎక్కే మెట్టు పెద్దదవుతుంది.

బ్యాంకువాళ్ల మాట కూడా వినాలి

కౌంటర్‌లో ఉన్నాయన మీద కోపం తెచ్చుకోవడం తేలిక. ఆయన వైపు నుంచి చూస్తే, వెనక ఇరవై మంది లైన్, ముందు ఒక సంచీ చిల్లర. 547 రూపాయల డిపాజిట్ కోసం నాలుగు వందల బిళ్లలు లెక్కపెట్టాలి. తీసుకున్నాక వాటిని ఏం చేయాలి? అడిగేవాళ్లు లేరు. శాఖలో స్థలం తింటాయి, కరెన్సీ చెస్ట్‌కు పంపాలంటే బండి ఖర్చు. పైగా 2018లో ఒక ఆర్‌టీఐ జవాబులో తేలినదేమంటే, రూపాయి నాణెం చేయడానికే 1 రూపాయి 11 పైసలు అవుతోంది. చేసేవాడికీ నష్టమే, మోసేవాడికీ నష్టమే.

చిల్లర జనంలోకి పంపడానికి రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకు ప్రోత్సాహకం ఇస్తుంది. 2021 సెప్టెంబర్ నుంచి దాన్ని బ్యాగుకు 25 రూపాయల నుంచి 65కు పెంచారు. 2023లో క్యూఆర్ కోడ్‌తో నాణేలు ఇచ్చే యంత్రాలు 12 నగరాల్లో ప్రయోగంగా పెడతామన్నారు. చూడండి, రెండూ జనానికి చిల్లర ఇచ్చే ఏర్పాట్లే. జనం దగ్గర పేరుకున్న చిల్లర వెనక్కి తీసుకునే యంత్రం గురించి ఎవరూ మాట్లాడరు. నా దృష్టిలో లోటు అక్కడ ఉంది.

నియమం మాత్రం స్పష్టంగా ఉంది. చిన్న నోట్లు, నాణేలు తెస్తే ఏ శాఖా తిరస్కరించకూడదు. అన్ని శాఖలూ నాణేలు తీసుకోవాలి, అడిగితే మార్చి ఇవ్వాలి. ఖాతాదారులు ఎన్ని నాణేలు జమ చేయాలన్నదానికి రిజర్వ్ బ్యాంక్ పరిమితి పెట్టలేదు. ఇంతకుముందు చెప్పిన 10 రూపాయల హద్దు దుకాణంలో చెల్లింపుకే, బ్యాంకు డిపాజిట్‌కు కాదు. లెక్క తేలికయ్యేలా రూపాయి, రెండు రూపాయల బిళ్లలను తూకం వేసి తీసుకోవచ్చని, లేదంటే నూరేసి చొప్పున ప్లాస్టిక్ సంచుల్లో తీసుకోవచ్చని, ఆ సంచులు కౌంటర్‌లో ఉంచాలని కూడా రాసి పెట్టారు. ఆ ప్లాస్టిక్ సంచులు మీరు ఎప్పుడైనా చూశారా? నేను చూడలేదు.

వేరే దేశాల్లో ఏం చేశారు?

కెనడా 2012లో సెంటు కొట్టడం ఆపింది. 2013 ఫిబ్రవరి 4 నుంచి బ్యాంకులకు ఇవ్వడం ఆపేసింది. నోట్లు, నాణేలతో కడితేనే ఐదు సెంట్లకు దగ్గరగా సర్దాలి, కార్డుకు, చెక్కుకు కచ్చితమైన మొత్తమే అని ముందే చెప్పింది. ముఖ్యమైనది ఇంకోటి. పాత సెంట్ల విలువ పోదు, ఎన్నాళ్లకైనా బ్యాంకులో ఇచ్చి మార్చుకోవచ్చు. 2011లో మనం పెట్టిన జూన్ 29 లాంటి గడువు అక్కడ లేదు.

అమెరికా దానికి భిన్నంగా చేసింది. ఒక సెంటు చేయడానికి 3.69 సెంట్లు అవుతోందని 2025 ఫిబ్రవరిలో ట్రంప్ ఆపమన్నారు, నవంబర్‌లో ఆగిపోయింది. ఉన్నవి చెల్లుతాయి. కానీ ఎలా సర్దాలో దేశమంతటికీ ఒక్క నియమం ముందుగా పెట్టలేదు. టంకశాల ఆగకముందే కొన్నిచోట్ల బ్యాంకులకు సెంట్లు దొరకడం మానేశాయి. అక్కడ గ్యాస్ స్టేషన్లు, చిన్న స్టోర్లు నడిపే మనవాళ్లు కూడా ఈ గందరగోళం చూశారు.

అర్ధ రూపాయి అవసరం తీరిపోయిందనే నేనూ అంటాను. దాంతో కొనేది ఏదీ లేదు. అయితే దాన్ని కెనడాలాగా పంపించాలి. ప్రకటన ఉండాలి, సర్దుబాటు నియమం దుకాణం గోడ మీద రాసి ఉండాలి, బ్యాంకు తలుపు మూయకూడదు. అది చేయనంత కాలం కౌంటర్‌లో తీసుకోవాలి. రెండూ చేయకుండా వదిలేయడమే ఇప్పుడు జరుగుతున్నది.

మీ దగ్గర చిల్లర ఉంటే

ముందు వేరు చేయండి. పావలా, ఇరవై, పది, ఐదు పైసల బిళ్లలు పక్కన పెట్టేయండి, వాటిని బ్యాంకు తీసుకోదు, అడిగి లాభం లేదు. అర్ధ రూపాయి, ఆపైనవి నూరేసి చొప్పున కవర్లలో కట్టి, మీద అంకె రాయండి. నెల మొదటి వారం, పింఛన్ల రోజులు కాకుండా మధ్యాహ్నం తర్వాత వెళ్లండి. చెల్లవంటే గొడవ పడకుండా, అదే మాట కాగితం మీద రాసి ఇమ్మని మేనేజర్‌ను అడగండి. చాలాసార్లు పని అక్కడే అయిపోతుంది. కాకపోతే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. ఖర్చు ఉండదు. వివరాలకు 14448.

ఒక హెచ్చరిక కూడా. పాత పావలాకు లక్షలు ఇస్తామని ఫేస్‌బుక్‌లో, వాట్సాప్‌లో వచ్చే ప్రకటనలు నమ్మకండి. ముందు ఫోటో అడుగుతారు, తర్వాత కమీషన్, పన్ను అంటూ మీ దగ్గరే డబ్బు వేయించుకుంటారు. తమ పేరు వాడుకుని ఇలాంటి మోసాలు జరుగుతున్నాయని, తాము అలాంటి వ్యాపారం ఏదీ చేయమని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది.

మా సంగతి చెప్పి ముగిస్తా. మూడో రోజు మళ్లీ వెళ్లాం. ఈసారి కవర్లు కట్టుకుని, రిజర్వ్ బ్యాంక్ నియమాల పేజీ ప్రింటు తీసుకుని. కౌంటర్‌లో అదే ఆయన. ప్రింటు చదివి లోపలికి తీసుకెళ్లారు, మేనేజర్ బయటకు వచ్చారు. "సార్, మేం కాదనట్లేదు, ఇవి తీసుకుంటే మా దగ్గరే పడి ఉంటాయి, అంతే" అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. పావుగంట లెక్కపెట్టారు, అమ్మీ కూడా పక్కన నిలబడి తనూ లెక్కపెట్టింది. ఒక అర్ధ రూపాయి అరిగిపోయిందని వెనక్కి ఇవ్వబోయి, అమ్మీ మొహం చూసి మళ్లీ వేసుకున్నారు. రశీదు మీద 547 రూపాయల 50 పైసలు.

41 పావలాలు ఇంటికి తెచ్చాం. అందులో ఒకటి నల్లగా ఉంది, పచ్చ గుడ్డ పీలిక ఇంకా అంటుకునే ఉంది. మా మామూ మొదటిసారి సౌదీ వెళ్లేటప్పుడు నానీ చేతికి కట్టిన ఇమామ్ జామిన్‌లోదట అది. దింపాక సద్కా ఇవ్వాల్సింది, ఎవరో మరచిపోయి గుల్లక్‌లో వేశారు. దాని బదులు ఇప్పుడు ఎంత ఇవ్వాలని అమ్మీ నన్ను అడిగింది. ఆ లెక్క బీకాంలో చెప్పలేదు అన్నాను. పది రూపాయలు తీసి పక్కన పెట్టింది.